సేవ్ నొక్కితే 502: పాత పత్రికల ప్రూఫ్ సైట్ ప్రాజెక్టు డైరీ

సోమవారం

పాత తెలుగు వారపత్రికల పేజీలను స్కాన్ చేసి, ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చి, ఆ పాఠాన్ని స్కాన్ పక్కన పెట్టుకుని దిద్దడం మా సైట్ పని. దిద్దేవాళ్లంతా వాలంటీర్లే. తెనాలిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, హైదరాబాద్‌లో కొందరు విద్యార్థులు, పిల్లలు పడుకున్నాక డాలస్ నుంచి కూర్చునే ఒక అక్క. వీళ్లు ఇచ్చేది డబ్బు కాదు, కంటిచూపూ ఓపికా. అందుకే ఈ వారం వచ్చిన ఫిర్యాదులు నన్ను నిద్రపోనివ్వలేదు.

మాస్టారు పొద్దున్నే ఫోన్ చేశారు. "బాబూ, అరగంట కూర్చుని అరసున్నలూ బండి రలూ అన్నీ సరిచేశాను. పైన ఎర్రచుక్క ఏదో వచ్చింది, పట్టించుకోలేదు. చివర్లో సేవ్ నొక్కితే 502 అని వచ్చి పేజీ తెల్లబడింది. మళ్లీ తెరిస్తే పాత తప్పులే ఉన్నాయి."

అక్క మాట ఇంకోలా ఉంది: "స్కాన్ ఎక్కిస్తుంటే మధ్యలో కనెక్షన్ రీసెట్ అంటోంది తమ్ముడూ, మా ఇంట్లో నెట్ బాగానే ఉంది." విద్యార్థులు మాత్రం "సైట్ డౌన్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

సెటప్ చిన్నదే. ఉబుంటు 22.04 ఉన్న అద్దె సర్వర్ ఒకటి. ముందు ఇంజిన్‌ఎక్స్ 1.18 అనే వెబ్ సర్వర్ (ఇక్కడ దాని పని ప్రాక్సీ, అంటే మధ్యవర్తి), వెనక 3000 పోర్టులో నోడ్ 18 (జావాస్క్రిప్ట్ నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిచే మా అప్లికేషన్. బ్రౌజర్ ఎప్పుడూ నోడ్‌తో నేరుగా మాట్లాడదు. ఇంజిన్‌ఎక్స్‌కి చెబుతుంది, అది లోపలికి చేరవేసి జవాబు తెచ్చిస్తుంది. అంటే కనెక్షన్లు రెండు: బయట ఒకటి, లోపల ఒకటి. వాలంటీర్ కంటికి కనపడే ఎర్రర్ ఈ రెంటిలో ఎక్కడ పుట్టిందో ముందు తేల్చాలి. మూడు ఫిర్యాదులకీ ఒకే జబ్బు ఉంటుందని నాకైతే అనిపించలేదు.

మంగళవారం

ఇవాళ ఏదీ మార్చకుండా లాగ్‌నే సరిచేశాను. ఇంజిన్‌ఎక్స్ మామూలు యాక్సెస్ లాగ్‌లో చివరి స్టేటస్ ఒక్కటే ఉంటుంది. 502 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదు) కనపడుతుంది, ఎందుకో తెలియదు. లాగ్ ఫార్మాట్‌లో మొత్తం పట్టిన సమయం, అప్‌స్ట్రీమ్ (ఇంజిన్‌ఎక్స్ వెనకున్న సర్వర్, మనకు నోడ్) అడ్రస్, అప్‌స్ట్రీమ్ స్టేటస్, అప్‌స్ట్రీమ్ జవాబుకు పట్టిన సమయం, ఈ నాలుగూ చేర్చాను. ప్రాక్సీ వెనక ఏదైనా నడిపేవాళ్లు సర్వర్ పెట్టిన రోజే ఈ నాలుగూ పెట్టుకోవాలి. ఇవి లేకుండా వెతకడమంటే ఊహించడమే.

సాయంత్రానికి లాగ్‌లో రకరకాల నంబర్లు పోగయ్యాయి: 413 (పంపింది మరీ పెద్దది), 414 (అడ్రస్ మరీ పొడవు), 499, 504 (వెనక నుంచి గడువులో జవాబు రాలేదు), 502. వీటిలో 499 హెచ్‌టీటీపీ ప్రమాణంలో లేదు. జవాబు రాకముందే అవతలివాళ్లు కనెక్షన్ మూసేసి వెళ్లిపోతే గుర్తుగా ఉండాలని ఇంజిన్‌ఎక్స్ తనకు తాను పెట్టుకున్న నంబరు. అది ఏ బ్రౌజర్‌కీ చేరదు, లాగ్‌లోనే ఉంటుంది.

బుధవారం

తేలికవి ముందు. అక్క చెప్పిన "కనెక్షన్ రీసెట్" అసలు 413. ఇంజిన్‌ఎక్స్‌లో క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ మనం చెప్పకపోతే 1 ఎంబీ. అక్క పంపే స్కాన్లు 4, 5 ఎంబీలు. పరిమితి దాటిందని తెలియగానే ఇంజిన్‌ఎక్స్ 413 చెప్పి కనెక్షన్ మూస్తుంది. బ్రౌజర్ అప్పటికింకా ఫైల్ పంపుతూనే ఉంటుంది కనుక చాలాసార్లు ఆ జవాబును చదవదు, రీసెట్ అని చూపిస్తుంది. ఈ ఎర్రర్‌ను బ్రౌజర్లు సరిగ్గా చూపించలేవని ఇంజిన్‌ఎక్స్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. ఎక్కించే దారికి మాత్రమే 20 ఎంబీ ఇచ్చాను, సైట్ మొత్తానికి ఇవ్వలేదు.

414 తెలుగువాళ్లకు ప్రత్యేకం. పేజీలోంచి ఒక పేరా కాపీ చేసి వెతుకు పెట్టెలో అతికించిన ప్రతిసారీ వస్తోంది. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తు యూటీఎఫ్-8లో 3 బైట్లు. అడ్రస్‌లోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే ఒక్క "అ"కి 9 బైట్లు. గుణింతాలూ వత్తులూ కూడా విడివిడి గుర్తులే, "స్త్రీ" అనే ఒక్క అక్షరానికే ఆరు గుర్తులు, 54 బైట్లు. రిక్వెస్టు మొదటి వరుసకు ఇంజిన్‌ఎక్స్ ఇచ్చే బఫర్ 8 కేబీ, అందులో పట్టేది సుమారు 900 గుర్తులు. ఇంగ్లీషు పేరా దర్జాగా దూరే చోట తెలుగు పేరా ఇరుక్కుంటోంది. బఫర్ పెంచడం కన్నా వెతుకులాటను పోస్ట్‌గా (పాఠాన్ని అడ్రస్‌లో కాక రిక్వెస్టు బాడీలో పంపే పద్ధతి) మార్చడమే నయమనిపించింది, మార్చాను. ఆ లెక్కన మన ఫారాలన్నీ ఇదే బరువుతో వెళుతున్నాయని గమనించి, దిద్దిన పాఠాన్ని పంపే చోట కూడా ఫారం ఎన్‌కోడింగ్ తీసేసి జేసన్ (తెలుగును యూటీఎఫ్-8లోనే పంపే డేటా ఫార్మాట్) పెట్టాను. పంపే సైజు మూడో వంతుకు పడిపోయింది. బాడీ 16 కేబీ దాటితే డిస్కులో తాత్కాలిక ఫైల్‌గా రాస్తున్నానని ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో పెట్టే హెచ్చరికలూ తగ్గాయి.

504లు ఓసీఆర్ నుంచి. రెండు కాలమ్‌ల పెద్ద పేజీని టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్ చదవడానికి నిమిషం దాటుతోంది. ప్రాక్సీ రీడ్ టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు. ఇది మొత్తం జవాబుకి పెట్టిన గడువనుకుంటారు చాలామంది, నిజానికి రెండు రీడ్‌ల మధ్య ఎంతసేపు మౌనంగా ఉండవచ్చన్నదానికే ఈ గడువు. మన ఓసీఆర్ అయిపోయేదాకా ఒక్క బైటూ పంపదు కనుక 60వ సెకనుకి తెగుతుంది. గడువు 300కి పెంచమని ఎవరైనా చెబుతారు. పెంచలేదు. ఎందుకంటే 499లన్నీ ఇదే దారిలో ఉన్నాయి: వాలంటీర్ ముప్పై సెకన్లు చూసి రీఫ్రెష్ కొడతారు, ఇంజిన్‌ఎక్స్ లోపలి కనెక్షన్ కూడా మూసేస్తుంది, కానీ మొదలైన టెసరాక్ట్ ఆగదు. రీఫ్రెష్‌తో అదే పేజీకి రెండోది మొదలవుతుంది. గడువు పెంచితే ఈ గుంపు ఇంకా పెరుగుతుంది. అందుకే ఓసీఆర్‌ని క్యూలో వేసి, వెంటనే 202 (అందింది, పని ఇంకా అవలేదు) ఇచ్చి, అయిందా లేదా అని బ్రౌజర్ మధ్యమధ్యలో అడిగేలా మార్చాను.

గురువారం

అసలు తలనొప్పి 502. మాస్టారి పేజీ పోయింది దీనివల్లే.

విచిత్రం ఏంటంటే రద్దీలో రావడం లేదు. సాయంత్రాలు విద్యార్థులంతా ఉన్నప్పుడు లాగ్ శుభ్రంగా ఉంటోంది. తెల్లవారుజామున మాస్టారు ఒక్కరే ఉన్నప్పుడు వస్తోంది. సర్వర్ మీద లోడ్ ఎక్కువై వస్తోందన్న అనుమానం దీంతో పోయింది. ఇంకొకటి, వచ్చినప్పుడు ఒక్క రిక్వెస్టుతో ఆగదు. కొన్ని సెకన్లపాటు ఏ లింకు నొక్కినా 502, ఆ తర్వాత ఏమీ జరగనట్టు మామూలైపోతుంది. విద్యార్థులు "డౌన్" అన్నది ఇలాంటి క్షణాల్లోనే అయి ఉండాలి.

ఎర్రర్ లాగ్‌లో రెండు రకాల వరుసలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి 111, కనెక్షన్ రెఫ్యూజ్డ్, అప్‌స్ట్రీమ్ అడ్రస్ [::1]:3000. ఇంకొకటి "నో లైవ్ అప్‌స్ట్రీమ్స్".

మొదటిది చూడగానే పట్టుకోవచ్చు. అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో సర్వర్ అడ్రస్ "లోకల్‌హోస్ట్:3000" అని ఉంది. ఈ మెషీన్‌లో ఆ పేరుకు రెండు అడ్రస్‌లు: ఐపీవీ4లో 127.0.0.1, ఐపీవీ6లో ::1. ఇంజిన్‌ఎక్స్ వీటిని రెండు వేర్వేరు సర్వర్లుగా తీసుకుని వంతులవారీగా పంపుతుంది. మన నోడ్ వింటున్నది 127.0.0.1 మీద మాత్రమే. ::1 వంతు వచ్చినప్పుడల్లా తలుపు వేసి ఉంటుంది. ఇంజిన్‌ఎక్స్ వెంటనే రెండోదానికి వెళుతుంది కనుక వాడేవాళ్లకు ఏమీ తెలియదు. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు.

కానీ ఇక్కడే ఇంకో నియమం ఉంది. అప్‌స్ట్రీమ్‌లో ఒకటికి మించి సర్వర్లు ఉంటే, ఒక్కసారి ఫెయిలైన సర్వర్‌ని ఇంజిన్‌ఎక్స్ 10 సెకన్లు పక్కన పెడుతుంది. మ్యాక్స్ ఫెయిల్స్ 1, ఫెయిల్ టైమౌట్ 10 సెకన్లు, రెండూ డిఫాల్టే. ::1 ఎలాగూ పక్కనే ఉంటుంది. అలాంటి సమయంలో 127.0.0.1 కూడా ఏ కారణంగానైనా ఒక్కసారి తడబడితే దాన్నీ పక్కన పెడుతుంది. ఇక పంపడానికి ఎవరూ లేరు. నోడ్ ఆరోగ్యంగా కూర్చుని ఉన్నా అందరికీ 502. సర్వర్ ఒక్కటే ఉంటే ఈ పక్కన పెట్టే లెక్క వర్తించదు.

లోకల్‌హోస్ట్ తీసి 127.0.0.1 రాశాను. కాన్ఫిగ్ టెస్ట్ చేసి రీలోడ్. 111 వరుసలు ఆగిపోయాయి, నో లైవ్ అప్‌స్ట్రీమ్స్ కూడా ఆగిపోయింది.

అయితే 127.0.0.1 ఎందుకు తడబడుతోందన్నది ఇంకా తేలలేదు.

శుక్రవారం

మాస్టారు తెల్లవారుజామున కూర్చున్నారు, నేనూ లాగ్ ముందు కూర్చున్నాను. 502లు తగ్గాయి, పోలేదు. కానీ ఇప్పుడు ఒక తేడా కనిపించింది: వచ్చినవన్నీ పోస్ట్‌లే. పేజీ తెరవడం, వెనక్కి వెళ్లడం, స్కాన్ చూడడం, ఇలా చదవడానికి మాత్రమే అడిగే ఏ గెట్‌కీ 502 లేదు. ఎర్రర్ లాగ్‌లో వాటి పక్కనున్న వరుస: 104, కనెక్షన్ రీసెట్ బై పీర్ (అవతలివైపే తెంచేసింది), అప్‌స్ట్రీమ్ నుంచి రెస్పాన్స్ హెడర్ చదువుతుండగా.

పోస్ట్‌లకే ఎందుకు? కొత్త లాగ్ ఫార్మాట్ ఇక్కడ అక్కరకొచ్చింది. విజయవంతమైన గెట్‌ల మధ్య ఇలాంటి వరుస ఒకటి దొరికింది:

గెట్, స్టేటస్ 200, అప్‌స్ట్రీమ్ 127.0.0.1:3000, 127.0.0.1:3000, అప్‌స్ట్రీమ్ స్టేటస్ 502, 200

ఒక్క రిక్వెస్టుకి అడ్రస్ రెండుసార్లు, స్టేటస్ రెండు. అంటే గెట్‌లు కూడా దెబ్బ తింటున్నాయి. దాచి ఉంచిన పాత కనెక్షన్ మీద మొదటి ప్రయత్నం తెగితే ఇంజిన్‌ఎక్స్ నిశ్శబ్దంగా రెండోసారి అడిగి 200 తెచ్చిస్తోంది. పోస్ట్‌కి మాత్రం ఆ పని చేయదు, చేయకూడదు కూడా. రిక్వెస్టు అవతలికి వెళ్లిపోయాక తెగితే, అది అమలైందో లేదో ప్రాక్సీకి తెలియదు. మళ్లీ పంపితే రెండుసార్లు రాసినట్టవుతుంది. అందుకే ఇంజిన్‌ఎక్స్ 1.9.13 నుంచి పోస్ట్, లాక్, ప్యాచ్ పద్ధతులకు రెండో ప్రయత్నం డిఫాల్ట్‌గా ఆపేసింది.

ప్రాక్సీ నెక్స్ట్ అప్‌స్ట్రీమ్‌లో "నాన్ ఐడెంపొటెంట్" అనే మాట చేరిస్తే పోస్ట్‌లకీ రెండో ప్రయత్నం చేస్తుంది, 502లు మాయమవుతాయి. నేను చేర్చలేదు. మన "సమర్పించు" బటన్ పేజీ చరిత్రలో ఒక వెర్షన్ వేస్తుంది, దిద్దినవాళ్ల ఖాతాలో ఒక పేజీ కలుపుతుంది. అది రెండుసార్లు జరగడం 502 కన్నా చెడ్డది, ఎవరికీ కనపడకుండా జరుగుతుంది కనుక.

ఆదివారం

తెగుతున్న పోస్ట్‌లలో దాదాపు అన్నీ ఆటోసేవ్‌వే. వాటి సమయాలు పక్కపక్కన రాసుకుని చూశాను. ముందు ఆటోసేవ్ 05:12:31కి, తెగినది 05:12:36కి. ఇంకో జత 05:20:08, 05:20:13. అన్నిటా తేడా 5 సెకన్లు.

ఆటోసేవ్ 5 సెకన్లకొకసారి నడుస్తుంది. ఇంతకీ నోడ్‌లో కీప్ అలైవ్ టైమౌట్, అంటే ఖాళీ కనెక్షన్‌ని తెరిచి ఉంచే గడువు, ఎంత? డిఫాల్ట్ 5,000 మిల్లీసెకన్లు.

ఇక కథ మొత్తం విప్పుకుంది. ప్రతి రిక్వెస్టుకీ కొత్త కనెక్షన్ తెరవకుండా ఇంజిన్‌ఎక్స్ పాత కనెక్షన్లను దాచుకుంటుంది, మన అప్‌స్ట్రీమ్‌లో "కీప్‌అలైవ్ 16" ఉంది. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని ఇంజిన్‌ఎక్స్ 60 సెకన్లు ఉంచుకుందామనుకుంటుంది. నోడ్ 5 సెకన్లకే మూసేస్తుంది. మామూలుగా దీనితో ఇబ్బంది లేదు. నోడ్ మూశానని చెప్పగానే ఇంజిన్‌ఎక్స్ ఆ కనెక్షన్‌ని పారేస్తుంది. ఇబ్బందల్లా నోడ్ మూస్తున్న క్షణంలోనే ఇంజిన్‌ఎక్స్ దాని మీద కొత్త రిక్వెస్టు పంపితేనే. స్టేషన్‌లో రైలు కదులుతుండగా మెట్టు మీద కాలు పెట్టినట్టు. సరిగ్గా 5 సెకన్ల ఆటోసేవ్ ఆ క్షణాన్నే వెతుక్కుంటూ వెళుతోంది. ఒక సేవ్‌కి జవాబివ్వడానికి 6 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతోంది, నోడ్ గడియారం ఆ జవాబు అయ్యాక మొదలవుతుంది. తర్వాతి సేవ్ వచ్చేసరికి మిగిలే వ్యవధి అంతే. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో ఆ మాత్రం హెచ్చుతగ్గులు ఎప్పుడూ ఉంటాయి.

రద్దీలో ఎందుకు రాదో కూడా తెలిసిపోయింది. నలుగురు దిద్దుతుంటే ఏ కనెక్షనూ 5 సెకన్లు ఖాళీగా కూర్చోదు. ఒక్కరే ఉంటే అదే కనెక్షన్ ప్రతిసారీ అంచుదాకా వెళ్లి వస్తుంది.

ఊహ సరైనదేనా అని నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూపించే టీసీపీడంప్‌తో లూప్‌బ్యాక్ (మెషీన్ తనలో తాను మాట్లాడుకునే దారి) మీద 3000 పోర్టు పట్టాను. కర్ల్‌తో ఒక పోస్ట్ పంపి, 4.9 నుంచి 5.1 సెకన్ల మధ్య ఆగి, ఇంకొకటి పంపే చిన్న స్క్రిప్టు నడిపాను. కాసేపటికి దొరికింది. ఇంజిన్‌ఎక్స్ నుంచి పీ జెండాతో పోస్ట్ డేటా, నోడ్ వైపు నుంచి కెర్నల్ "అందింది" అని ఏసీకే, వెంటనే అటు నుంచే ఆర్ జెండా. ఎఫ్ (మర్యాదగా ముగింపు) కాదు, ఆర్ (రీసెట్). డేటా నోడ్ మెషీన్ బఫర్‌లోకి చేరింది, నోడ్ దాన్ని చదవకముందే సాకెట్ మూసేసింది. చదవని డేటా ఉండగా సాకెట్ మూస్తే లినక్స్ మర్యాదగా ముగించదు, రీసెట్ పంపుతుంది. అదే మన 104.

నోడ్ పనిలో ఉంటే ఈ కిటికీ ఇంకా వెడల్పవుతుంది. పాత పాఠానికీ కొత్త పాఠానికీ తేడా లెక్కించే కోడ్ పెద్ద పేజీల మీద ఈవెంట్ లూప్‌ని (నోడ్ తన పనులను ఒకదాని తర్వాత ఒకటి చూసే చక్రం) కాసేపు ఆపేస్తోంది. లూప్ తిరిగి కదిలేసరికి టైమరూ తీరిపోయి ఉంటుంది, కొత్త డేటా కూడా వచ్చి ఉంటుంది. మన వెర్షన్‌లో లూప్ ముందు చూసేది టైమర్లనే, సాకెట్లను ఆ తర్వాత. కనుక డేటా చేతికందే దూరంలో ఉన్నా కనెక్షన్ మూసేస్తుంది.

సోమవారం

దిద్దుబాటు నాలుగు వరుసలే. రిక్వెస్టులు పంపేవాడే కనెక్షన్ ముందు మూయాలి, జవాబిచ్చేవాడు ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. నోడ్‌లో కీప్ అలైవ్ టైమౌట్ 75 సెకన్లు చేశాను, హెడర్స్ టైమౌట్‌ని దానికన్నా కాస్త ఎక్కువ పెట్టాను. ఇంజిన్‌ఎక్స్ అప్‌స్ట్రీమ్‌లో కీప్‌అలైవ్ టైమౌట్ 60 సెకన్లని డిఫాల్ట్‌కి వదలకుండా రాసి పెట్టాను, రేపు ఎవరు చూసినా రెండు అంకెలూ కలిపి చదువుకునేలా. నోడ్ ఫైల్‌లో ఆ అంకె పక్కన కామెంట్ కూడా రాశాను.

అప్‌స్ట్రీమ్ కీప్‌అలైవ్ మొత్తం తీసేసినా ఈ జబ్బు పోయేది. ఒకే మెషీన్‌లో కొత్త కనెక్షన్ తెరవడానికి పెద్దగా ఖర్చు లేదు. ఓసీఆర్‌ని త్వరలో వేరే మెషీన్‌కి మార్చబోతున్నాం కనుక ఉంచాను.

ఆటోసేవ్‌ని పోస్ట్ నుంచి పుట్‌కి మార్చాను. పేజీ నంబరుతో పాఠం మొత్తం పంపుతుంది కనుక రెండుసార్లు రాసినా ఫలితం ఒకటే, ఇంజిన్‌ఎక్స్ కూడా పుట్‌ని ధైర్యంగా రెండోసారి ప్రయత్నిస్తుంది. సమర్పించు బటన్ పోస్ట్‌గానే ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, బ్రౌజర్ స్క్రిప్టులో ఒక్కసారి ఫెయిలైతే ఆటోసేవ్ ఆగిపోయే పద్ధతి తీసేశాం. మాస్టారి అరగంట పని పోయింది ఒక్క 502 వల్ల కాదు, ఆ తర్వాత ఇంకెవరూ ప్రయత్నించకపోవడం వల్ల. ఇప్పుడు ఫెయిలైతే కాసేపాగి మళ్లీ పంపుతుంది, అదే పాఠాన్ని బ్రౌజర్‌లోనూ దాస్తుంది, ఎర్రచుక్క బదులు "ఇంకా సేవ్ కాలేదు" అని తెలుగులో పెద్దగా చూపిస్తుంది.

అదే స్క్రిప్టు మళ్లీ నడిపాను, ఈసారి 5 సెకన్ల దగ్గరా 60 దగ్గరా. 5 దగ్గర ఏమీ జరగలేదు. 60 దగ్గర డంప్‌లో ఎఫ్ జెండా ఇంజిన్‌ఎక్స్ వైపు నుంచే వెళ్లింది, నోడ్ అటు నుంచి మూసింది. రీసెట్ లేదు.

బుధవారం

ఎవరు ఏ పేజీ దిద్దుతున్నారో చూపించే వెబ్‌సాకెట్ (ఎప్పుడూ తెరిచే ఉంచే కనెక్షన్) నిమిషానికోసారి తెగి మళ్లీ కలుస్తోంది. ఇదీ ఆ 60 సెకన్ల రీడ్ టైమౌటే. నోడ్ నుంచి 25 సెకన్లకొక పింగ్ పెట్టాను. ఆ దారికి అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు విడిగా ఇచ్చేటప్పుడు ఇంకో సంగతి చూసుకోవాల్సి వచ్చింది. లొకేషన్ బ్లాక్‌లో ఒక్క ప్రాక్సీ సెట్ హెడర్ రాసినా పైనున్న సర్వర్ బ్లాక్‌లోవి ఏవీ కిందికి రావు. హోస్ట్, ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో కూడా అక్కడ మళ్లీ రాయాలి, లేదంటే నోడ్ తాను హెచ్‌టీటీపీ మీద ఉన్నాననుకుని లాగిన్‌ని అటూ ఇటూ తిప్పుతుంది. అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి రెండు చోట్లా ఇంక్లూడ్ చేశాను.

మాస్టారు సోమవారం నుంచి రోజూ కూర్చుంటున్నారు. లాగ్‌లో తెల్లవారుజాము గంటల్లో 502 లేదు, 502, 200 జతలు కూడా లేవు.

మిగిలింది కొత్త కోడ్ పెట్టేటప్పుడు వచ్చే 111. నోడ్‌ని ఆపి మళ్లీ లేపే మధ్య ఒకటి రెండు సెకన్లు 3000 పోర్టులో ఎవరూ ఉండరు. 3001లో రెండో నోడ్‌ని లేపి, అది సిద్ధమని చెప్పాకే మొదటిదాన్ని ఆపేలా మార్చాలి, ఆపేటప్పుడు చేతిలో ఉన్న రిక్వెస్టులు పూర్తయ్యేదాకా ఆగాలి. అప్పుడు అప్‌స్ట్రీమ్‌లో నిజంగానే రెండు సర్వర్లు ఉంటాయి, కనుక మ్యాక్స్ ఫెయిల్స్ లెక్క మళ్లీ మొదలవుతుంది. ఆ అంకెను ఎంత పెట్టాలో తేల్చాకే దాని జోలికి వెళతాను. అంతవరకు కొత్త కోడ్ మధ్యాహ్నం రెండింటికి, దిద్దేవాళ్లు లేని వేళ చూసుకుని పెడుతున్నాం.